మూత

కుతైసి శివారులో ఇల్లు కొన్నాం.
తాళాలిస్తూ బ్రోకరు చెప్పనిది
ద్రాక్షపందిరి కింద బయటపడింది.
నోదార్ గడ్డపార ఠంగుమంది.
రాతి మూత,
మూత కింద
మెడదాకా భూమిలో కూరుకుపోయిన
మనిషెత్తు మట్టికాగు.

ఇంట్లో మరేం వదల్లేదు వాళ్లు.
మేకులతో సహా పీక్కుపోయారు,
గోడల చిల్లులు మాత్రం మాకు.

పొడుగుకాడ గరిటె ముంచి
ఒక్క గుటక వేసి
తుపుక్కున ఊశాడు నోదార్.
"వైనా, పాడా! వెనిగర్!"

పక్కింటి త్సియాల దడి మీంచి తొంగిచూసింది,
ఒడినిండా వాల్‌నట్ పెంకులు.
"కొడుకు పుట్టిన రోజున పూడ్చాడు ఉషాంగి.
వాడి పెళ్లినాడే మూత తీస్తానన్నాడు."
ఆపైన చెప్పలేదు.
మేమూ అడగలేదు.
రోడ్డు మీద పాలవ్యాను
హారను కొట్టుకుంటూ పోయింది.

పారబోద్దామన్నాడు నోదార్.
ఎక్కడని?
రెండొందల లీటర్లు.
ఏ మొక్క మొదట్లో పోసినా చస్తుంది.

తెల్లారగానే త్సియాలే వచ్చింది
ఖాళీ సీసాలు గలగలలాడించుకుంటూ,
బుట్టెడు దోసకాయలు, గుప్పెడు వెల్లుల్లి.
"పులుపు ఏం పాపం చేసింది? పట్టు."

సాయంత్రానికి పద్దెనిమిది సీసాలు.
చీటీలు అంటిస్తూ, పెన్ను పట్టుకుని,
అప్పుడు అడిగాను
ఆ అబ్బాయి పేరు.