పిల్లలకు అందకుండా

తార్తులో మూడున్నరకే చీకటి.
వంటింటి బల్లమీద ఓ పక్క సగం ఒలిచిన బీట్‌రూట్,
ఓ పక్క దగ్గుమందు కాగితం.
జర్మన్ నుంచి ఎస్టోనియన్‌లోకి,
మాటకి ఏడు సెంట్లు.

మగత. నోరెండిపోవడం. అరుదుగా కలవరం.
దుష్ఫలితాలట.
మందు తాగకుండానే నాకున్నాయి.

ఉకు బల్లకింద దూరి నా మేజోడు లాగుతున్నాడు.
వాడి పడవకి తెరచాప కావాలి, ఇప్పుడే.
"ఒక్క వాక్యం, నాన్నా"
పొద్దుటినుంచీ అదే ఒక్క వాక్యం.

ఆరింటికల్లా పంపాలి.
చివరి వరుస మిగిలింది,
కళ్లు మూసుకుని కొట్టేస్తాను దాన్ని:
పిల్లలకు అందకుండా ఉంచండి

వేళ్లు ఆగాయి.
ఎర్రటి బీట్‌రూట్ చేత్తోనే
వాణ్ణి ఒళ్లోకి లాక్కున్నాను.
"ఆఖరి చుక్క నువ్వు పెట్టు."

పెట్టాడు,
పదకొండు చుక్కలు.

పది చెరిపేశాను,
వాడు పడవ వెతుక్కోడానికి వెళ్లాక.