కొర్రీ

మండలాఫీసు మెట్ల కింద దొరికాడని
వీధివాళ్ళు పెట్టిన పేరు తాసిల్దారు.
పేరుతోపాటు బుద్ధి కూడా వచ్చింది.
గిన్నె పెడితే
ముందు దూరం నుంచి చూస్తాడు,
తర్వాత చుట్టూ తిరిగి ఓ సర్వే,
ఆనక ముక్కుతో రెండంగుళాలు నాకేసి నెడతాడు,
కొర్రీ వేసి వెనక్కి పంపిన ఫైల్లా.

ఏం తక్కువైందో రాయడు. అదే బాధ.

పెరుగన్నం పులుపు.
కోడి మెడలు నిన్న బావున్నాయి, ఇవాళ పనికిరావు.
పదహారు వందలు పోసి తెచ్చిన గుళికలు
ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని
తడి చేసి, గచ్చు మీద వరసగా వదిలేస్తాడు.

పెదజాలరిపేట నుంచి బుట్టతో వచ్చే మసేనమ్మ
"తినడేటి? కవళ్ళు ఉడకెట్టి ఎట్టమ్మా,
ఎలగ తినడో నానూ సూత్తాను" అంది.
ఉడకబెట్టాను, ముళ్ళు ఏరాను,
ఆవిరికి కళ్ళజోడు మసకేసింది.
వారం రోజులు తిన్నాడు.
గెలిచాననే అనుకున్నాను.
ఇంతలో ఏప్రిల్ పదిహేను, వేట నిషేధం,
హార్బర్లో బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోయాయి.
మసేనమ్మ ఎండు నెత్తళ్ళు తెచ్చింది.
తాసిల్దారు వాసన చూసి
నా మొహమైనా చూడకుండా
మంచం కిందికి వెళ్ళిపోయాడు.

ఎవరికైనా చెబితే నవ్వుతారు.
కేజీహెచ్‌లో పదకొండేళ్ళుగా రాత్రి డ్యూటీ నాది.
తిండి వద్దని గోడవైపు తిరిగినవాళ్ళని
ఎంతమందిని ఇటు తిప్పానో!
మూడు రోజులు నోరు విప్పని లారీ డ్రైవరుకి
అతని లారీ వెనక ఏం రాసుందో అడిగి జావ తాగించాను.
పాడేరు ముసలమ్మకి చోడి అంబలి
ఎవరింటి పొయ్యి మీదనో కాయించి తెప్పించాను.
"నీ చెంచాలో ఏదో ఉందే ఎస్తేరూ" అంటుంది హెడ్‌నర్సు.
ఏడున్నరకి అల్లిపురం గదికి చేరేసరికి
అదే చెంచా
ఒక సొట్ట గిన్నె ముందు ఓడిపోతుంది.

పశువుల డాక్టరు పళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు.
"జబ్బేం లేదు. మీరే పాడు చేశారు.
పావుగంట ఉంచండి, తినకపోతే తీసేయండి."
గడియారం చూసి మరీ తీశాను.
సాయం చేసినందుకు తోక ఊపాడు.

ఆ రాత్రి వార్డులో
ఏ పళ్ళెం మిగిలినా వాడే.

మే నెలలో వాయుగుండం.
బస్సులు లేవు, మోకాళ్ళదాకా నీళ్ళలో ఇల్లు చేరాను.
కరెంటు లేదు.
రోజూ గట్టు దగ్గర నిలబడే
రెండు ముద్దలు మింగి పడుకునేదాన్ని.
ఆవేళ నిలబడే ఓపిక లేక
గడప దగ్గర కూలబడ్డాను, ఒళ్ళో చద్దన్నం గిన్నె,
సముద్రపు గాలికి కొట్టుకునే తలుపుకి కాలు అడ్డం.

మంచం కింద కదలిక.
నిన్నటి గుళికల గిన్నె
కప్పు కారిన నీళ్ళతో సహా
గచ్చు మీద గీసుకుంటూ వచ్చింది.
నా మోకాలికి తగిలి ఆగింది.
నేను ఒక ముద్ద, వాడు ఒక ముద్ద.
ఆగితే ఆగాడు,
తింటున్నానో లేదో తలెత్తి చూశాడు.

నాకప్పుడూ తట్టలేదు.
నానితే తింటాడు కాబోలని
మర్నాడు నానబెట్టాను. కొర్రీ.
వేణ్ణీళ్ళలో నానబెట్టాను. కొర్రీ.
నాలుగో రోజున, జారిపడ్డ చెంచా కోసం వంగి
ఎందుకో అక్కడే కూర్చుండిపోతే
ముక్కుతో గిన్నె నెట్టాడు,
రెండంగుళాలు, ఇంకో రెండంగుళాలు,
నా వైపే.

ఇన్నాళ్ళూ ఆ ఫైలు వెనక్కి రాలేదన్నమాట.

ఇప్పుడు గట్టు మీద నా పళ్ళేనికి పనిలేదు.
నడుం పట్టేస్తోంది, అయినా కిందే.
జూన్ పదిహేను దాటాక మసేనమ్మ
మెరిసే కవళ్ళతో గుమ్మంలో దిగింది.
తాసిల్దారు వెళ్ళి, చూసి, వచ్చేశాడు.
కవళ్ళు ఇక తినడట.
కారణం రాయలేదు.