నెర్రెల మీద మూత

పొద్దున పది గంటలకు డబ్బా బోర్లిస్తాను
రెండు మిరప సాళ్ల నడుమ.
అంచు చుట్టూ నీళ్లు పోసి, గడియారం చూసుకుని
సిరంజితో మొదటి గాలి లాగుతాను.
పదింపావుకి ఇంకోటి. పదిన్నరకి ఇంకోటి.
గట్టు మీద గొంతుక్కూర్చున్న సామ్రాజ్యం
మొదటి రోజే అడిగింది:
"నేలకేం జబ్బు నాయనా, నెత్తురు తీస్తన్నావు?"

జబ్బు కాదమ్మా, ఊపిరి.
నువ్వు చల్లిన యూరియా మొక్క తిన్నంత తింటుంది,
తడితో పాటు కిందికి దిగేది దిగిపోతుంది,
మిగిలింది కంటికి ఆనని పురుగుల నోట్లో నలిగి
వాయువై పైకి లేస్తుంది.
నవ్వించే గాలి అంటారు దాన్ని.
పెద్దాసుపత్రుల్లో పన్ను పీకే ముందు పట్టిస్తారు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.
"పదకొండేళ్లు కౌలుకి చేస్తన్నా,
ఒక్కనాడూ నవ్వు రాలేదే!"

డెన్మార్కులో ఇలాంటి డబ్బానే
ఇంగె అనే ఆవిడ బార్లీ చేలో బోర్లిస్తుంది.
నెలకోసారి మా ఇద్దరి అంకెలూ ఒకే కాగితం మీద కలుసుకుంటాయి.
ఆవిడది నీలం గీత, నాది ఎరుపు.
ఆవిడ గీత చలికాలమంతా పడుకుని
గడ్డకట్టిన నేల కరిగే వారం
ఉలిక్కిపడి లేస్తుంది.
నాది కాలవ వదిలిన మూడోనాడు లేస్తుంది.
కాలవ రాని ఏడు
ఎప్పుడు లేవాలో దానికే తెలీదు.

"మీ గీత మరీ పొట్టిగా ఉందే?" అని రాసింది ఇంగె.
"మీవాళ్లు పొదుపుగా వేస్తారా?"

లాం ఫారం గదిలో, కిర్రుమనే ఫ్యాను కింద
నల్లరేగడి గురించి ఆవిడకెలా చెప్పాలో తోచలేదు.
ఎండితే చెయ్యి దూరేంత నెర్రె విచ్చే నేల ఇది.
నా డబ్బా జానెడు చోటుకే మూత.
పక్క నెర్రెలోంచి జారుకునే దాన్ని
ఏ సిరంజి పట్టుకుంటుంది?

కాగితంలో ఇంకో గడి ఉంది:
హెక్టారుకి ఎన్ని కిలోల నత్రజని.
అక్కడ ట్రాక్టరే చెబుతుందట, దశాంశంతో సహా.
నేను సామ్రాజ్యాన్ని అడగాలి.
"మూడు కట్టలయ్యా" అంది
పైరు వైపు చూస్తూ.
ఎక్కువ చెబితే వచ్చే కారుకి కోత పెడతారేమోనని,
దరియావలి కొట్లో పద్దు బయటపడుతుందేమోనని.

కళ్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి,
తుమ్మొచ్చేంత ఘాటు.
వాటి కింద పరదా, యూరియా సంచులు విప్పి కుట్టింది.
తుమ్ముతూనే లెక్కపెట్టాను.
అడ్డం రెండు, నిలువు మూడు.
చేను చూస్తే ఎకరమే.
ఆ ఆరింట్లో నిరుటివి ఎన్నో, అడిగి తెచ్చుకున్నవి ఎన్నో.
నేను లెక్కపెట్టడం ఆమె చూసింది.
ఏమీ అనకుండా, గాలికి లేస్తున్న మూల మీద
ఇటుక పెట్టింది.

రాత్రి గడిలో మూడు వేసి కొట్టేశాను,
ఆరు వేసి కొట్టేశాను.
ఇంగెకి ఒక్క ముక్క రాశాను:
గీత పొట్టిది కాదు, మూత చిన్నది.

మర్నాడు డబ్బా బోర్లించి గడియారం చూసుకుంటుంటే
సామ్రాజ్యం వచ్చి పక్కనే కూలబడింది.
"ఆ దేశపావిడ కొలిచే చేను
సొంతానిదా, కౌలుదా?"

గడులన్నీ మనసులో తిరగేశాను.
అది రాసే గడి ఎక్కడా లేదు.
తలెత్తేసరికి పదింపావు దాటిపోయింది,
రెండో గాలి లాగనే లేదు.