నడుము సన్నబడ్డ చోట

వంటబల్ల మీద బాలటన్ సరస్సుని పరిచాం.
లేచిపోయే మూలకి ఉప్పుసీసా, ఇంకో మూలకి గాలిపంపు.
చుట్టూ రెండువందల కిలోమీటర్లు,
రెండు పగళ్లు, ఒక రాత్రి.

గుడారాలు మూడు, మనుషులం ఏడుగురం.
బొతొండ్ గురక ఎవరి వంతన్నది
ఇంకా తేలలేదు.
గులాష్ కాగు నేను మోస్తానన్నాను,
ఉల్లిపాయలు మాత్రం కొయ్యను.

ఇల్దికో ఏమీ అనలేదు.
మోకాలి మీది ఆపరేషన్ గీతని
వేలితో రుద్దుతూ కూర్చుంది.

యెనో పెన్సిలు తీసి
సరస్సు నడుము సన్నబడ్డ చోట
తిహాన్యి నుంచి అవతలి ఒడ్డుకి గీత గీశాడు.
"ఇక్కడ పడవెక్కుదాం.
నీళ్ల మీంచి కొండ బాగుంటుంది."

ముప్పై ఏళ్లుగా చూస్తున్న కొండే.
బాగుంటుంది, బాగుంటుంది, అన్నాం అందరం,
సగం సరస్సుని
చప్పుడు కాకుండా మడిచేస్తూ.