గోళ్ల రంగు ఆరేదాకా

ఉట్నూరు దవాఖానల
గాజు పలక మీది నెత్తురు చుక్క చుట్టూ
నేను పూసేది గోళ్ల రంగే.
సర్కారు ఇండెంటుల అది రాదు.
అంగట్ల గాజులమ్మే ఆమె దగ్గర
బేరమాడే ఆడపిల్లల నడుమ నిలబడి కొంటా,
ఇంత మీసమున్న మనిషిని.

అంచులు మూసుకుంటే లోపల గాలి అయిపోతది.
గాలి అందని నెత్తురు
అప్పుడు నిజం చెప్తది.
అర్ధగంట పడుతది.

ఆ అర్ధగంట మర్సుకోల సరస్వతి
స్టూలు చూపెట్టినా కూర్చోలే.
ఇంటర్ పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది.
వంగిన కోతి, కొంచెం లేచిన కోతి,
రాయి పట్టినోడు, బల్లెం పట్టినోడు,
చివరికి ఉత్త చేతులతో నిటారుగ ఒకడు.
"వీని ముందట ఎవరూ లేరేంది సార్?
అయిపోయిందా?"

కాగితం అయిపోయింది అన్న.
నవ్వలే.

నోరు తెరిచి చూపెట్టిన.
చివరి దవడ పండ్లు నాకు మొలవలే.
హన్మకొండల పండ్ల డాక్టరు
ఎక్స్‌రేను కిటికీకి పట్టి
"మొలకలే లేవు మీకు" అన్నడు.
మా నాయినమ్మ ఆ పండ్లతోనే
కాల్చిన మక్కకంకిని బెండు మిగిలేదాకా నమిలేది.
నాకు జ్ఞానదంతం రాలేదన్న ముచ్చట
ఇంట్ల ఇప్పటికీ ప్రతి తగువులో వస్తది.

"మరి మాకు?"

మీకు మారింది పండ్లల్ల కాదు.
ఈ అడవిల చలిజ్వరం
ప్రతి వానకాలం ఇల్లిల్లూ తిరిగి
పిల్లలను లెక్కబెట్టుకునే రోజులుండె.
ఎన్నడో, పేరు తెలియని ఒక కడుపుల
నెత్తురు రాతల ఒక్క అక్షరం తప్పు పడ్డది.
ఆ తప్పు పడ్డ పిల్ల
మూడు రోజులు వణికి
నాలుగో పొద్దున లేచి అంబలి అడిగింది.
పక్కింటి పిల్ల అడగలే.
అంబలి అడిగిన గొంతే
తల్లి నుంచి తల్లికి నీదాకా వచ్చింది.
తప్పును అడవి దిద్దలే,
దాచుకున్నది.

చెప్తుంటే నా మాట నాకే
పాఠం లెక్క వినబడి ఆగిన.
వరండాల భీంరావు ఉన్నడు.
పదమూడేండ్లు. గోడకు ఒరిగి
మోకాళ్లు పొట్టలకు ముడుచుకొని.
అమ్మ దిక్కు నుంచి, నాయిన దిక్కు నుంచి
రెండుసార్లు అదే అక్షరం దొరికినోడు.
ఒక్కటైతే కాపాడుతది.
రెండైతే ఎముకల్ల కోతలు మొదలైతయి,
కొడవళ్లు ఇరుకు సందుల్ల చిక్కుకొని కదలవు.
వాడు అరవడట. మంచం పట్టెను కొరుకుతడట.
పట్టె మీద పంటి గాట్ల ఫోటో
సరస్వతి ఫోన్ల ఉంది.

వాని బడిసంచిల మందు డబ్బా.
నాలుగేండ్లుగ ఆ గోలీలే
వాన్ని క్లాసుల కూర్చోబెడుతున్నయి.
"అడవైతే వీన్ని ఉంచకపోవు సార్.
గోలీ ఉంచింది.
ఇది గూడ ఆ బొమ్మల లెక్కేనా?"

పుస్తకం పేజీలు తిప్పిన,
జవాబు వెనుక ఎక్కడో ఉన్నట్టు.
దోమ వేల ఏండ్లు కూసోని రాసిన దాన్ని
మనం ఒక దోమతెరతో, ఒక గోలీతో
అటో ఇటో తిప్పుతున్నం.
ఎటో మాత్రం నాకు తెల్వదు.

వాళ్ల తాత సంబంధం చూసినప్పుడు
ఎన్ని దేవతల వాళ్లని అడిగిండు:
నాలుగా, ఆరా, ఏడా.
నెత్తురు సంగతి అడగాలని ఆయనకు ఎవరు చెప్పిండ్రు?
"నేను అడుగుతా" అంది సరస్వతి.
"దేవతలను అడిగినంక, కార్డు అడుగుతా.
లేదంటే లేదంటా."
వేల ఏండ్లల్ల దోమ చేసిన పని
ఒక పిల్ల, పదిహేడేండ్లకు,
నోటితో చేస్తానంటుంది.

గంట కొట్టింది. సూక్ష్మదర్శిని ముందు ఆమెనే చూడనిచ్చిన.
చానాసేపు చూసింది.
"గుండ్రంగ ఉన్నయి. నడుమ నడుమ వంగినయి."
ఒక్కటే అక్షరం. రిజిస్టర్ల రాసిన.
ఆమె సీసా మూత తీసి
బ్రష్షుకు మిగిలిన ఎరుపును
చిటికెనవేలు గోరుకు పూసుకొని ఊదుకుంది.

"లే రా, బస్సు పోతది."

భీంరావు గోడ పట్టుకున్నడు.
ముందు వంగి,
కొంచెం లేచి,
మోకాలి మీద చెయ్యి పెట్టి ఇంకొంచెం లేచి,
నిటారుగ.
ఆ బొమ్మలోని ఆఖరోని లెక్క
ఆడనే ఆగలే.
అక్క చేతిల సంచి లాక్కొని
మెట్లు దిగిండు.