ములాకత్ చీటీ

చెముడుగుంట జైలు, ఆడోళ్ల బ్యారక్.
బుధవారం సువార్తమ్మ సిస్టరు వస్తుంది.
తెల్లబట్ట సంగతి ఎవరూ నోరెత్తరు.
నడుం నొప్పంటారు, వేడి చేసిందంటారు,
సబ్బు పడలేదంటారు.
ఆమె వింటుంది. నెత్తురు తీసి
గాజుగొట్టానికి నా పేరు అంటిస్తుంది.

మళ్లీ బుధవారం
అరచేతిలో మాత్రలు పోసి
"నువ్వొక్కదానివి మింగితే చాలదు పెంచలమ్మా,
మాలకొండయ్య కూడా మింగాల.
లేకుంటే బెయిలొచ్చిన రాత్రే
మళ్లీ మొదలు" అంది.
చీటీ రాసింది, కోవూరు ఆస్పత్రికి.

శనివారం.
రెండు జాలీలు, మధ్యన మూరెడు సందు.
వకీలు ఫీజు, బిడ్డ దగ్గు,
గేదె ఈనిందా
అన్నీ కేకలే.
గుసగుసకి చోటు లేదక్కడ.
"చూపించుకో" అన్నాను.
"ఏందీ?" చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.
అరిచాను.
"జబ్బు! నీకూ నాకూ! మాత్రలు మింగు!
అందాకా తొడుగు లేకుండా
నా పక్కకి రావొద్దు!"

హాలంతా ఆగింది.
వార్డరమ్మ నడుముకున్న తాళాలు కూడా.
మాలకొండయ్య
రొయ్యల గుంట బురద ఆరిన
తన కాళ్లనే చూసుకున్నాడు.
చీటీ జాలీలో దూరలేదు.
వార్డరమ్మే చుట్టూ తిరిగెళ్లి ఇచ్చింది,
ఏమీ అనకుండా.
జేబులో పెట్టుకున్నాడో
గేటు దాటాక పారేశాడో.

రెండు శనివారాలైంది. రాలేదు.

నిన్న రాత్రి దుప్పట్లోంచి మస్తాన్‌బీ
"అక్కా, నాకూ ఒక చీటీ
రాయించవా?" అంది.
కాసేపాగి,
"మా ఆయనకి చెవుడు.
నువ్వే అరవాల."