పడమటి హద్దు

"అంతా స్మూత్‌గా అయిపోతుంది మేడం,
మీరు సంతకం పెట్టే చెయ్యి ఒక్కటి తెచ్చుకోండి చాలు"
అన్నాడు బ్రోకరు, ఎలహంకలో,
మా కాఫీలకు కూడా తనే డబ్బులిచ్చేస్తూ.

అక్కడే ఏదో గుచ్చుకుంది.
ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పదకొండేళ్లుగా కూర్చున్నదాన్ని,
ఎవరైనా నా కాఫీకి డబ్బులు కడితే
అది ఏ పద్దులో చేరుతుందా అని చూస్తాను.

నంజుండప్ప దగ్గరికి వెళ్లాం.
రిజిస్ట్రారాఫీసు ఎదురుగా, జెరాక్సు కొట్టు వెనక
ఒక బల్ల, రెండు ఇంకుప్యాడ్లు, భుజాన తువ్వాలు.
ధర అడగలేదాయన. ఎన్నో అంతస్తని అడగలేదు.
"మూలపత్రం ఉందా?
ముందు హద్దులు చదవమ్మా. పైకి చదువు,
నాకు వినపడాల."

హిందూపురం పిల్లని, కన్నడం బస్సు బోర్డులంత వచ్చు.
వాళ్ల అక్షరాలు మన అక్షరాలకు పినతల్లి బిడ్డలు,
తలకట్టు దగ్గర పాపిడి మాత్రం వేరేగా తీస్తారు.
వేలు పెట్టి కూడబలుక్కున్నాను.

డెబ్బై నాలుగు నాటి పత్రంలో
పడమర: కెరె.
తొంభై ఒకటిలో
పడమర: కెరె గట్టు.
రెండువేల ఆరులో
పడమర: ఖాళీ జాగా.
మొన్నటి దాంట్లో
పడమర: ముప్పై అడుగుల రోడ్డు.

నంజుండప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.
"చెరువు ఎవరికి అమ్మిందమ్మా?
దాని సంతకం ఎక్కడుంది?"

బ్రోకరుకి అప్పుడే ఫోనొచ్చింది.
మాట్లాడుతూ మాట్లాడుతూ వీధి చివరిదాకా వెళ్లిపోయాడు.

ఇరవై అయిదు వేల టోకెను పోయింది.
ఓబులేసు మూడు రోజులు నాతో కాక
ఫ్యానుతో మాట్లాడాడు.
నాలుగో రోజు రాత్రి కుండపోత.
పొద్దున్నే స్కూటరేసుకుని ఆ అపార్ట్‌మెంటు దాకా పోయొచ్చి
ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి గుమ్మంలో నిలబడి
"టిఫినేముంది?" అన్నాడు.
అదీ ఆయన ఒప్పుకోవడం.

ఎనిమిది నెలలకి, జాలహళ్లి పక్క సందులో
వనజాక్షమ్మ ఇల్లు.
ఇరవై ముప్పై సైటు, రెండు గదులు.
ఈసీ, ఖాతా, పన్ను రసీదులు
బిస్కెట్ల డబ్బాలో సంవత్సరాల వారీగా,
అడక్కముందే మా ముందు పెట్టింది.
"ఈశాన్యం గోడ చెమ్మెక్కుద్ది, దానికింత తగ్గించుకో.
వంటింటి కొళాయి ఎడమకి తిప్పితేనే ఆగుద్ది.
మంగళవారాలు నీళ్లు నమ్ముకోవద్దు."
ఇంటి తప్పులు ఇంత తీరిగ్గా చెప్పేవాళ్ల దగ్గర
బేరమాడ్డానికి నోరు రాదు.

రిజిస్ట్రేషను నాడు అన్నీ సరిగ్గా ఉన్నాయి.
బ్యాంకు మనిషి వేళకొచ్చాడు. సర్వరు పనిచేస్తోంది.
ఆగింది ఆమె బొటనవేలి దగ్గర.

నలభై ఏళ్లు ఊదుబత్తీలు చుట్టిన వేలు,
పలక మీద పెడితే యంత్రం పట్టుకోలేదు.
ఇంకోసారి. ఇంకోసారి.
గీతలన్నీ అరిగి, నది అడుగు రాయిలా
నున్నగా ఉంది.
నున్నటిదాన్ని యంత్రం నమ్మదు.
"మంచోళ్ల వేళ్లే ఇంత సతాయిస్తాయి"
గొణిగాడు నంజుండప్ప,
తన తువ్వాలు తడిపి ఆ వేలు తుడిచి
తనే పట్టుకుని నొక్కాడు.
ఏడోసారి ఆకుపచ్చ దీపం వెలిగింది.
నాకు ఆ బ్రోకరు మాట గుర్తొచ్చి
నవ్వాలో ఏంచెయ్యాలో తెలీక
నీళ్ల సీసా మూత తీసి మళ్లీ పెట్టాను.

ఆ సాయంత్రం పత్రం ఒళ్లో పెట్టుకుని
పైకే చదివాను, గోడలకు వినపడేలా.
పడమర: గుల్నార్ బేగం ఇల్లు.

చెప్పులేసుకుని వెళ్లి తలుపు కొట్టాను.
పిండి చేతులతో ఒకావిడ తీసింది.
"ఏం కావాలమ్మా?"

"ఏం లేదండీ.
మీరు ఉన్నారో లేదో చూసిపోదామని."